బొమ్మ ఉంది, వెలుగు లేదు: నల్లబడ్డ మానిటర్ లోపల ఏం జరుగుతుంది?

పోయిన వానాకాలం విశాఖపట్నం పెదవాల్తేరులోని మా అపార్ట్‌మెంట్లో నెల తిరక్కుండా మూడు మానిటర్లు మూలపడ్డాయి. కింది ఫ్లాటు కుర్రాడి పాత 19 అంగుళాలది ఆన్ చేస్తే రెండు సెకన్లు బొమ్మ చూపించి నల్లబడిపోయేది. పై ఫ్లాట్లో ఇంటి నుంచే ఉద్యోగం చేసే అమ్మాయిది 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్. దాని పవర్ లైటు నిక్షేపంగా వెలుగుతోంది, తెర మాత్రం చీకటి. మూడోది మాదే. అందులో లైటూ లేదు, చప్పుడూ లేదు. మూడింటినీ మూడు వేర్వేరు షాపుల్లో చూపించారు. మూడు చోట్లా ఒకటే మాట: "డిస్‌ప్లే పోయిందండి, కొత్తది తీసుకోండి."

తర్వాత తేలిందేమిటంటే, మూడింట్లో దేనికీ డిస్‌ప్లే పోలేదు. ఒకదాంట్లో కెపాసిటర్లు (కరెంటును నిల్వ పెట్టుకునే ముక్కలు), ఒకదాంట్లో ఒకే ఒక్క ఎల్‌ఈడీ, మాదాంట్లో అడాప్టర్. షాపువాళ్లు మోసం చేశారని నేననను. మనకు కనబడేదంతా వాళ్ల భాషలో డిస్‌ప్లేనే. అరగంట కూర్చుని వెతికితే దొరికే లోపానికి ఆ అరగంట కూలి ఎవరిస్తారన్నది వాళ్ల లెక్క. కానీ ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. వాటిలో ఒకదాని ఖర్చు పదుల రూపాయలు, ఇంకోదాని ఖర్చు కొత్త మానిటర్ ధరకు దగ్గర. ఏది ఏదో తెలియాలంటే పెట్టె లోపల ఎవరి పని ఏమిటో ముందు చూడాలి.

తోలుబొమ్మలాట తెర

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. తెర వెనక దీపం ఉంటుంది, దీపానికీ మనకూ మధ్య బొమ్మ ఉంటుంది. వెలుగు బొమ్మలోంచి వచ్చి మన కంటికి రంగులుగా చేరుతుంది. దీపం ఆరిపోతే బొమ్మలు ఎక్కడికీ పోవు. తెర వెనక ఆడుతూనే ఉంటాయి, మనకు కనబడవు, అంతే.

మానిటర్‌లో బొమ్మల పని చేసేది ప్యానెల్. ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గదులు. మొత్తం 62 లక్షల పైచిలుకు బుల్లి కిటికీలన్నమాట. ఒక్కో కిటికీ వెనక నుంచి వచ్చే వెలుగును ఎంత వదలాలో, ఎంత ఆపాలో చూసుకుంటుంది. ఆ వెలుగునిచ్చే దీపమే బ్యాక్‌లైట్. దీపానికి నూనె పోసేది పవర్ సప్లై. ఏ కిటికీ ఎంత తెరవాలో కంప్యూటర్ చెప్పింది విని ప్యానెల్‌కు చేరవేసేది మెయిన్ బోర్డు.

ఇక్కడే ఒక పేరు చాలామందిని తికమక పెడుతుంది. "మాది ఎల్‌సీడీ కాదండి, ఎల్‌ఈడీ" అంటారు. అంగట్లో ఎల్‌ఈడీ మానిటర్ అని అమ్మేదాంట్లో ఉండేది కూడా ఎల్‌సీడీ ప్యానెలే. మారింది వెనక దీపం. పాతవాటిలో సన్నటి ట్యూబులైట్ల లాంటివి ఉండేవి, వాటిని సీసీఎఫ్ఎల్ అంటారు. ఇప్పటివాటిలో ఎల్‌ఈడీలు. ఇప్పటి మానిటర్లలో తోలుబొమ్మల లెక్కకు అందనిది ఓఎల్‌ఈడీ. అందులో ప్రతి చుక్కా తనకు తానే దీపం, కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే బ్యాక్‌లైట్ గొడవ దానికి లేదు.

విప్పకముందే తెలిసే సంగతులు

చీకటి తెరలన్నీ చెడిపోయినవి కావు. కేబుల్ వదులై సిగ్నల్ అందకపోతే మానిటర్ తనే దీపం ఆర్పుకుని నిద్రపోతుంది. అప్పుడు చాలా మోడళ్లలో పవర్ లైటు రంగు మారుతుంది, లేదా మెల్లగా మిణుకుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ పూర్తిగా పీకేసి ఆన్ చేస్తే, ఆరోగ్యంగా ఉన్న మానిటర్ సిగ్నల్ లేదని తెర మీద ఒక పెట్టె చూపిస్తుంది. అది కనబడిందంటే ప్యానెల్, దీపం, పవర్ సప్లై మూడూ పని చేస్తున్నట్టే. అనుమానించాల్సింది కేబుల్‌నో, కంప్యూటర్‌నో.

పెట్టె కూడా రాకపోతే అప్పుడు టార్చి పరీక్ష. గది చీకటి చేసి, మానిటర్ ఆన్ చేసి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పెట్టి చూడటం. టార్చి వెలుగు కొంత ప్యానెల్‌లోంచి లోపలికి వెళ్లి, వెనక ఉన్న తెల్లటి షీట్ల మీద పడి, తెరిచి ఉన్న కిటికీల గుండా తిరిగొస్తుంది. మెనూ అక్షరాలో, డెస్క్‌టాప్ ఐకాన్లో మసగ్గా కనబడితే బొమ్మ ఆడుతోందన్నమాట. పై ఫ్లాటు అమ్మాయి మానిటర్‌ను చివరికి కంచరపాలెంలో ఒక ముసలి టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కవరు కూడా విప్పకుండా జేబులోంచి టార్చి తీసి ఓసారి చూసి, "బొమ్మ ఉన్నాది తల్లీ, లైటే పోనాది" అన్నాడు. షాపు చెప్పిన తీర్పు అక్కడికక్కడే కొట్టేసినట్టయింది.

దీనికి తిరగేసినది తెర తెల్లగా వెలుగుతూ బొమ్మ లేకపోవడం. అప్పుడు దీపం బాగానే ఉంది, లోపం ప్యానెల్‌లోనో, దానికి వెళ్లే తీగల్లోనో, బోర్డులోనో ఉంది. నిలువు గీతలు పడితే ఎక్కువసార్లు ప్యానెల్ అంచున అతికించిన పల్చటి ఫిల్మ్ కనెక్షన్లే కారణం. "డిస్‌ప్లే పోయింది" అన్న మాట నిజంగా సరిపోయేది ఈ రకం కేసులకే. తెర అడుగు అంచు వెంట కొంతమేర మసకబారితే ఎల్‌ఈడీల్లో ఒక వరస పోయిందని అర్థం. ఆన్ చేసిన కొత్తలో తెర ఎర్రగా ఉండి, ఐదు నిమిషాలకు తెల్లబడితే సీసీఎఫ్ఎల్ ట్యూబులు ముసలివైపోయాయి.

230 వోల్టుల ప్రయాణం

గోడ సాకెట్‌లో ఉన్నది 230 వోల్టుల ఏసీ. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. 230 అనేది ఆ ఊపుకు ఒక రకమైన సగటు. శిఖరం ఇంకా పైన ఉంటుంది, 230ని 1.414తో గుణిస్తే దాదాపు 325 వోల్టులు. మానిటర్ చేసే మొదటి పని ఈ ఊగే కరెంటును డయోడ్ బ్రిడ్జి ద్వారా ఒకే దిశకు మళ్లించి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకోవడం. దాని మీద 400 వోల్టులనో, 450 వోల్టులనో రాసి ఉంటుంది.

బోర్డు మీద భయపడాల్సింది దీనికే. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 325 వోల్టులతో నిండి ఉంటే అందులో నిల్వ ఉండేది 5 జూల్స్‌కు కాస్త పైనే. అంకె చిన్నదిగానే కనబడుతుంది గానీ, చెయ్యి పెట్టినవాణ్ణి విదిలించి కొట్టడానికి అది చాలు. గుండె మీదుగా పారితే ప్రాణానికే ముప్పు. పైగా ప్లగ్ పీకేశాం కదా అని అది వెంటనే ఖాళీ అవ్వదు. పవర్ సప్లై ఆడుతూ ఉన్నప్పుడు ప్లగ్ పీకితే ఆ నిల్వను అదే తాగేస్తుంది. చచ్చిన పవర్ సప్లై మాత్రం తాగదు. అంటే చెడిపోయిన మానిటర్ లోపలే ప్రమాదం ఎక్కువ, అదీ ప్లగ్ పీకిన తర్వాత కూడా. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి చప్పుడు చేసి ఖాళీ చేసే అలవాటు కొందరిది. దాంతో నిప్పురవ్వలు లేస్తాయి, బోర్డు మీద రాగి గీత ఊడుతుంది. తెలిసిన మెకానిక్కులు 2 వేల ఓమ్‌ల పైచిలుకు, ఐదు వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో ఆనిస్తారు. లెక్క వేస్తే ఒక సెకను, సెకనున్నరలో అది ఖాళీ. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి చూసుకుంటే గానీ వేలు పెట్టరు.

ఆ 325 వోల్టుల్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు పదుల వేల సార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. అంత వేగంగా ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా సరిపోతుంది. పాత రేడియోల్లో ఇటుకంత ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు అగ్గిపెట్టె అంతకు దిగిందంటే కారణం ఇదే. అవతలి వైపు నుంచి మెయిన్ బోర్డు కోసం 5 వోల్టులు, దీపం కోసం 12 నుంచి 19 వోల్టుల దాకా మోడల్‌ను బట్టి వస్తాయి.

పవర్ లైటు అసలు వెలగలేదంటే ఈ దారిలో ఎక్కడో తెగింది. ఫ్యూజు నల్లగా మాడి ఉంటే దాని వెనక బ్రిడ్జో, ట్రాన్సిస్టరో షార్ట్ అయింది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ మాడుతుంది. మెకానిక్కులు సిరీస్ బల్బు పెట్టేది ఇందుకే. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును మానిటర్‌తో వరసలో కలుపుతారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి కరెంటును తన దగ్గరే ఆపేస్తుంది. లేకపోతే ఒకసారి మెరిసి మసకబారుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు, అందుకని ఇప్పటికీ ప్రతి రిపేరు బల్ల మీదా ఒక పాత బల్బు బంగారంలా దాచుకుని ఉంటుంది.

ఫ్యూజు బాగుండి, పెద్ద కెపాసిటర్ మీద 325 కనబడుతూ, అవతల వైపు ఏమీ రాకపోతే కథ వేరు. చాలా డిజైన్లలో ఆ ట్రాన్సిస్టర్‌ను ఆడించే చిప్‌ను మొదట లేపడానికి లక్షల ఓమ్‌ల స్టార్టప్ రెసిస్టర్లుంటాయి. రోజూ ఎక్కువ వోల్టేజీ మోసీ మోసీ అవి లోలోపల తెగిపోతాయి. పైకి చూస్తే కొత్తవాటిలా మెరుస్తుంటాయి. అర్ధరూపాయి ముక్క వల్ల మొత్తం పెట్టె శవంలా పడి ఉంటుందన్నమాట.

మా మానిటర్: 19 వోల్టులుండీ లేని అడాప్టర్

ఇప్పటి మానిటర్లలో చాలావాటికి పవర్ సప్లై లోపల లేదు. బయట నల్ల డబ్బా అడాప్టర్‌గా ఉంది. శాంసంగ్ వాటికి 14 వోల్టులవీ, ఎల్‌జీ వాటికి 19 వోల్టులవీ మామూలుగా కనబడతాయి. మాది 19ది. షాపులో కుర్రాడు మీటర్ పెట్టి చూశాడు, 19 వోల్టులు చక్కగా చూపించింది. "అడాప్టర్ బాగానే ఉంది, కాబట్టి డిస్‌ప్లే" అని తేల్చేశాడు. అతని తర్కంలో ఒక మెట్టు తగ్గింది. మీటర్ తాగే కరెంటు దాదాపు సున్నా. లోడు లేనప్పుడు 19 చూపించే అడాప్టర్ లోడు పడగానే ఎంత చూపిస్తుందన్నదే అసలు ప్రశ్న. ఇంటికొచ్చి మానిటర్‌కు తగిలించి ఉంచి కొలిస్తే 6కు పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడుతోంది. మానిటర్ బోర్డుకు అది చాలక లైటు కూడా వెలిగించలేకపోయింది.

ఇక్కడ ఇంకో భయం అందరికీ ఉంటుంది. మానిటర్ మీద 1.3 ఆంపియర్లని ఉంది, దొరికిన అడాప్టర్ మీద 3.42 అని ఉంది, తగిలిస్తే కాలిపోతుందా? పోదు. అడాప్టర్ మీది ఆంపియర్ల అంకె అది ఇవ్వగలిగిన గరిష్ఠం. మానిటర్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పెద్దదైనంత మాత్రాన కుళాయిలోంచి వరద రాదు కదా. వోల్టులు మాత్రం సరిగ్గా సరిపోవాలి, పిన్ను లోపలి ప్లస్, మైనస్ దిశ సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. తక్కువైతేనే గొడవ.

కెపాసిటర్: ఉబ్బినదీ, ఉబ్బనిదీ

ట్యాంకు మాట వచ్చింది కాబట్టి దాన్నే ఇంకాస్త వాడుకుందాం. కార్పొరేషన్ నీళ్లు రోజుకు ఓ గంట వస్తాయి, మనకు రోజంతా కావాలి. మధ్యలో ట్యాంకు ఉంటే కుళాయికి ఆ తేడా తెలియదు. పవర్ సప్లైలో తెంపులు తెంపులుగా వచ్చే కరెంటును సమం చేసే ట్యాంకులే కెపాసిటర్లు. వీటిలో ఉండే ద్రవం వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతుంది. లోపల గ్యాస్ పుడితే తల ఉబ్బుతుంది. ఆ తల మీద గీతలు పెట్టేది కూడా ఒత్తిడి పెరిగితే పేలకుండా అక్కడ చీలడానికే.

ఉబ్బినదాన్ని చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. చిక్కంతా ఉబ్బనివాటితో. ట్యాంకులో నీళ్లు నిండుగానే ఉంటాయి, బయటికొచ్చే పైపు పాచి పట్టి మూసుకుపోతుంది. కెపాసిటర్‌లో ఆ పాచిని ఈఎస్ఆర్ అంటారు, లోపలి నిరోధం. మామూలు మల్టీమీటర్ ట్యాంకు సైజు కొలుస్తుంది, పైపును కొలవదు. 1,000 మైక్రోఫారడ్లని రాసి ఉన్నది 900 చూపిస్తే "బాగానే ఉంది" అనుకుంటాం. ఈఎస్ఆర్ మీటర్ పెడితే గానీ దాని బండారం బయటపడదు. పొద్దున్నే పదిసార్లు బటన్ నొక్కితే గానీ వెలగని మానిటర్, ఒకసారి వెలిగాక సాయంత్రం దాకా ఆడుతుందంటే అనుమానం దీని మీదే. వేడెక్కితే లోపలి ద్రవం కాస్త కదలి నిరోధం తగ్గుతుంది.

ఆయుష్షు లెక్క సరదాగా ఉంటుంది. కెపాసిటర్ మీద 105 డిగ్రీలని ఉండి, దాని వివరాల్లో 2,000 గంటలని ఉందనుకోండి. 105 డిగ్రీల్లో నిరంతరం ఆడితే 2,000 గంటలు, అంటే మూడు నెలలకు కాస్త తక్కువ. భయం వేస్తుంది గానీ, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే అంచనా. మానిటర్ లోపల 65 డిగ్రీలుంటే నాలుగు రెట్టింపులు, 32,000 గంటలు. రోజుకు పది గంటలు వాడితే ఎనిమిదిన్నరేళ్ల పైమాటే. అదే చోట 85 డిగ్రీల రకం వేస్తే రెండే రెట్టింపులు, 8,000 గంటలు. రెండేళ్ల చిల్లరకే మళ్లీ రిపేరు. రూపాయో రెండో తేడా ఉండే రెండు ముక్కల మధ్య ఆరేళ్లు. మే నెలలో ఏసీ లేని గదిలో, గోడకు ఆనించి, వెనక జాలీల మీద బట్ట కప్పి వాడే మానిటర్‌కు 65 బదులు 75 అయిందంటే ఈ లెక్కలన్నీ సగానికి పడతాయి.

2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన కంప్యూటర్లు, మానిటర్లలో ఈ జబ్బు అంటువ్యాధిలా వచ్చింది. కొన్ని కంపెనీల కెపాసిటర్లలో ద్రవం మిశ్రమమే సరిగా లేదు. ఆ కాలపు సీసీఎఫ్ఎల్ మానిటర్ ఎవరింట్లోనైనా ఇంకా బతికి ఉంటే, అది ఒకసారైనా కెపాసిటర్లు మార్పించుకుని ఉంటుంది.

రెండు సెకన్ల బొమ్మ రహస్యం

కింది ఫ్లాటు కుర్రాడి మానిటర్ ఇలాంటిదే. సీసీఎఫ్ఎల్ ట్యూబు వెలగడానికి మొదట వెయ్యి వోల్టుల పైన కావాలి, వెలిగాక కొన్ని వందలు చాలు. అంత వోల్టేజీని 12 నుంచి పుట్టించే భాగాన్ని ఇన్వర్టర్ అంటారు. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇన్వర్టర్ తన ట్యూబులన్నిటి మీదా కన్నేసి ఉంచుతుంది. ఒక్క ట్యూబు సరిగా కరెంటు తీసుకోకపోయినా, తనకు వచ్చే 12 వోల్టులు కుంగినా, ఒకటి రెండు సెకన్లు చూసి మొత్తం ఆపేస్తుంది. ఆ వెయ్యి వోల్టులు దారి తప్పి నిప్పు పుట్టించకుండా పెట్టిన జాగ్రత్త అది. అంటే ఆ రెండు సెకన్ల బొమ్మ ప్యానెల్ బాగుందనడానికి సాక్ష్యం. షాపువాళ్లు దాన్నే ప్యానెల్ పోయిందనడానికి సాక్ష్యంగా చూపించారు!

తేల్చాల్సింది ఒక్కటే: ట్యూబు పోయిందా, 12 వోల్టులు కుంగుతున్నాయా? మీటర్ పెట్టి ఆన్ చేస్తే 12 ఉన్నది ట్యూబులు వెలగగానే 9కి జారి, తెర ఆరగానే మళ్లీ 12కు వచ్చింది. ట్యూబుల తప్పు కాదు, పాచి పట్టిన పైపులే. 105 డిగ్రీల కెపాసిటర్లు నాలుగు మార్చాక తెర నిలబడింది. 12 కుంగకుండా నిలబడి ఉంటే ట్యూబునో, ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్‌నో వెతకాల్సి వచ్చేది.

ఎల్‌ఈడీలది ఇంకో తీరు. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు కావాలి. వాటిని దండలా వరసగా గుచ్చుతారు. 16 ఉన్న దండకు 48 వోల్టులు. 19 వోల్టుల్ని 48కి ఎత్తే చిన్న సర్క్యూట్ డ్రైవర్. మల్లెదండలో దారం ఒక్కచోట తెగినా పూలన్నీ జారినట్టు, ఒక్క ఎల్‌ఈడీ తెగితే దండంతా ఆరిపోతుంది. పై ఫ్లాటు మానిటర్‌లో మెకానిక్ మీటర్ పెట్టి ఆన్ చేసినప్పుడు వోల్టేజీ 19 నుంచి ఎగిరి 60 దగ్గరికి పోయి, అరక్షణంలో 19కి దిగిపోయింది. డ్రైవర్ బతికే ఉంది, దండలోకి కరెంటు తోయాలని చూసి, తోవ లేక వోల్టేజీ పెంచి, భయపడి ఆగిపోయిందని దాని అర్థం. అసలు ఎగరకుండా 19 దగ్గరే నిలబడి ఉంటే అనుమానం డ్రైవర్ మీదికో, దాన్ని లేపే ఆన్ సిగ్నల్ మీదికో పోయేది. మెయిన్ బోర్డు నుంచి ఆ సిగ్నల్ మామూలుగా 3 నుంచి 5 వోల్టులుగా వస్తుంది. అదే రాకపోతే దీపం తప్పేమీ లేదు, దీపం వెలిగించమని చెప్పేవాడే లేడు.

లోపం తెలిసినంత తేలిక కాదు దాన్ని సరిచేయడం. టీవీల్లో ఎక్కువగా ఎల్‌ఈడీ పట్టీలు తెర వెనక పరిచి ఉంటాయి. మానిటర్లలో మాత్రం ఎక్కువగా అడుగు అంచున ఒక్క సన్నటి పట్టీ ఉంటుంది, వెలుగును ప్లాస్టిక్ పలక తెరంతా పరుస్తుంది. ఆ పట్టీని చేరాలంటే ప్యానెల్ గాజును విడిగా ఎత్తి పక్కన పెట్టాలి. అంచున వేలాడే ఫిల్మ్ కనెక్షన్ ఒక్కటి చిరిగినా నిజంగానే డిస్‌ప్లే పోతుంది. పవర్ బోర్డు పని ఇంట్లో నేర్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ చేతులెత్తేయడంలో తప్పులేదు.

ఉప్పుగాలి, న్యూట్రల్ తీగ

మన ఊళ్లో ఇవి ఎక్కువగా పోతాయా? బీచ్ రోడ్డుకు దగ్గరగా, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు తుప్పు పట్టే వేగం చూసినవాళ్లకు ఈ అనుమానం సహజం. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని పీల్చుకుని తనే కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూస్తే తెలుస్తుంది. సర్క్యూట్ బోర్డు మీద దుమ్ముతో పాటు పేరుకున్న ఉప్పుపొర కూడా అంతే. పొడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది, తేమ తగలగానే కరెంటుకు దొంగదారి అవుతుంది. 5 వోల్టుల దగ్గర అది పెద్దగా పట్టదు. 325 దగ్గర, ఇన్వర్టర్ వెయ్యి దగ్గర పడుతుంది. చాలాకాలం వాడకుండా మూల పెట్టిన మానిటర్‌ను వానల్లో తీసి ఆన్ చేసినప్పుడు చిటపటలు వినబడటం ఇందువల్లే. రోజూ వాడేదాంట్లో లోపలి వేడి తేమను తరిమేస్తుంది. వాడకం వేడితో కెపాసిటర్‌ను తింటుంది, వాడకపోవడం తేమతో బోర్డును తింటుంది. ఏది మేలంటే చెప్పడం కష్టమే.

రెండోది వోల్టేజీ. మానిటర్ల మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. అందువల్ల కరెంటు కాస్త తగ్గినా వాటికి చలనం ఉండదు, స్టెబిలైజర్ పెట్టడం దండగ. అసలు శత్రువు, కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ తీగ తెగడం. వీధి స్తంభం మీద మూడు ఫేజులుంటాయి, ఏ రెండిటి మధ్యైనా సుమారు 400 వోల్టులు. అన్ని ఇళ్లకూ ఉమ్మడి న్యూట్రల్ తీగ గాలికి తెగితే తక్కువ లోడు ఉన్న ఇంటి మీదికి 300, 350 కూడా వచ్చేస్తుంది. ఫ్యాను ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది, బల్బు మిరుమిట్లు గొలుపుతుంది, 400 వోల్టులని రాసి ఉన్న ఆ పెద్ద కెపాసిటర్ మీదికి 500 దాకా వస్తుంది. మంచి పవర్ సప్లైలో వేరిస్టర్ అనే బిళ్ల అడ్డం పడి తను మాడి, ఫ్యూజును తెంపి మిగతాదాన్ని కాపాడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలన్నీ పడిపోయిన రోజులు గుర్తున్నవాళ్లకు, కరెంటు తిరిగొచ్చిన పూట అన్ని ప్లగ్‌లూ పీకి కూర్చోవడం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ తుపాను తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో తీగలు భూమి లోపలికి దిగాయి. అక్కడ గాలికి తీగలు తెగే బెడద తగ్గింది. పాత స్తంభాల వీధుల్లో ఇంకా ఉంది.

ఇంకో మాట. మానిటర్ వెనక లోహపు భాగం ముట్టుకుంటే జివ్వుమంటోందని కొందరు కంగారుపడతారు. చాలాసార్లు అది లోపం కాదు. ఇంట్లో సాకెట్‌కు ఎర్త్ సరిగా లేనప్పుడు, ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే అతి చిన్న కరెంటు అది. చూపించాల్సింది మెకానిక్‌కు కాదు, వైరింగ్ చేసేవాడికి.

మెకానిక్కుల మధ్య తెగని తగువులు

ఉబ్బిన కెపాసిటర్ ఒక్కటే మార్చాలా, అన్నీనా? ఒక్కటి చాలనేవాళ్లది ఖర్చు వాదన, ప్రతి సోల్డరింగ్ పాత బోర్డుకు ఒక గాయమన్న వాదన. అన్నీ మార్చాలనేవాళ్లు ఒకే వేడిలో, ఒకే వయసులో ఉన్న మిగతావి కూడా క్యూలో ఉన్నాయంటారు. నాకు రెండో వాదనే సబబనిపిస్తుంది, కనీసం ఔట్‌పుట్ వైపు వాటి వరకు.

కెపాసిటర్లు వదిలేసి బోర్డే మార్చేద్దామనేది ఇంకో దారి. పని త్వరగా అయిపోతుంది. కానీ పాత మోడల్‌కు దొరికే బోర్డు ఎక్కువగా మరో చెడిన మానిటర్‌లోంచి తీసినదే. దాని కెపాసిటర్ల వయసూ అంతే.

ఎల్‌ఈడీలు మార్చాక డ్రైవర్‌లో కరెంటును కొలిచే రెసిస్టర్లలో ఒకటి తీసేసి కరెంటు తగ్గించడం చాలామంది చేస్తారు. వెలుగు కొంత తగ్గుతుంది, వేడి తగ్గి ఆయుష్షు పెరుగుతుంది. కంపెనీ డిజైన్‌లో వేలు పెట్టడమేనని విమర్శించేవాళ్లున్నారు. బ్రైట్‌నెస్ 100లో ఆడించి ఎల్‌ఈడీలను కాల్చేసుకున్న మానిటర్‌కు అది పెద్ద నేరమని నాకనిపించదు. సీసీఎఫ్ఎల్ ఇన్వర్టర్‌లో రక్షణ తీసేసి, ఒక ట్యూబు చచ్చినా మిగతావాటితో నడిపించే చిట్కా మాత్రం వేరు. బొమ్మ వస్తుంది, నిజమే. వెయ్యి వోల్టులు ఖాళీ చివర దగ్గర కాచుకుని కూర్చుంటాయి, అది కూడా ఉప్పుగాలి ఊళ్లో. ఆ చిట్కాకు నేను ఓటెయ్యను.

ఇంట్లో విప్పొచ్చా అన్న ప్రశ్నకు కూడా రెండు వైపులున్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్లో రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది. మాన్యువళ్లు, విడిభాగాల సమాచారం కొనుక్కున్నవాడికి అందాలన్నది దాని వెనక ఆలోచన. మరోవైపు వారంటీ ఉన్న మానిటర్ కవరు విప్పితే ఆ వారంటీ మీద పేచీ వస్తుంది. 325 వోల్టుల సంగతి ఎలాగూ ఉంది. టార్చి, కేబుల్, అడాప్టర్ ఈ మూడు పరీక్షలకూ కవరు విప్పనక్కర్లేదు. మా మూడు మానిటర్లలో రెండింటి సంగతి వాటితోనే తేలిపోయింది. ఇక విప్పాల్సి వచ్చిన పనంతా మెకానిక్ బల్ల మీదే జరిగింది.

కింది ఫ్లాటు పాతదాని ట్యూబులు కూడా ఎప్పుడో ఒకనాడు పోతాయి. వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది, కాబట్టి అప్పుడది చెత్తబండిలోకి కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ల దగ్గరికి పోవాలి. ప్రస్తుతానికి ఆడుతోంది. పై ఫ్లాటు అమ్మాయి మానిటర్‌కు పట్టీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. కరెంటు తగ్గించి బిగించిన ముసలి మెకానిక్ "నలభై మీద ఎట్టుకో తల్లీ, నూరు మీద ఎట్టకు" అని చెప్పి పంపాడట. ఆమె నలభై మీదే పెట్టుకుంది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే ఏమీ కనబడటం లేదని కర్టెన్ కొనుక్కుంది.